కావ్యభూమియు యాత్రాభూమియు

నచ్చిన కథను చదివి ముగించిన పాఠకునకు ఆ కథ జరిగిన చోటు నొకమారు కన్నులార చూచి రావలెనను కోరిక పుట్టుట సహజము. చారిత్రక నవలల విషయమున ఈ కోరిక సులభముగ తీరును. అచ్చట కోట యుండును, శాసన ముండును. అద్భుతరసప్రధానమైన కల్పిత కథ విషయము అట్టిది కాదు. జరుగని కథకు జరిగిన చోటెక్కడ? ఐనను యాత్రికులు పోవుచునే యున్నారు. వంగసాహిత్యమున బంకించంద్ర చటోపాధ్యాయుని ‘కపాలకుండల’ ఇందులకు చక్కని ఉదాహరణము. తెలుగువారికి ఇది దూరపు ఉదాహరణమును కాదు.

పశ్చిమ వంగములోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున ‘ట్రాఫిక్’ అను పేట యొకటి కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణమును పెంచినది. ఆ రైల్వే కొలువులకై ఉత్తర కోస్తా జిల్లాలనుండి వచ్చిన తెలుగువారు ఇట్టి పేటలలో తరతరములుగ కాపుర మేర్పరచుకొనిరి. ఆ ఊరనే హిజిలీ అను రైలుస్టేషను కలదు. హిజిలీ నిర్బంధ శిబిరపు భవనముననే 1951లో ఐ.ఐ.టి. ఆరంభమైనది. కాని హిజిలీ అను పేరు మొదట సముద్రతీరమునకు చెందినది. రసూల్‌పూర్ నది సాగరముఖమున కలియు ఆ తీరముననే 1687లో జాబ్ చార్నాక్ మొగలు సేనల ముట్టడి నెదుర్కొనెను. ‘కపాలకుండల’ ప్రథమ ఖండమునకు రంగస్థలము ఆ ప్రాంతమే. ఈ తీరమును ఖరగ్‌పూరును 2002 వరకు ఒకే మేదినీపురము జిల్లాలో నుండెను. ట్రాఫిక్ పేటలోని పాఠకుడు పాంశ్‌కూడా, తమ్లుక్‌ల మీదుగ కాంథీ చేరి, అచ్చటనుండి దరియాపూర్ గ్రామమునకు పోయి, కపాలకుండలా మందిరమని పిలువబడు ఆలయమును చూచి రావచ్చును.

బంకించంద్రుడు 1860లో ఈ ప్రాంతమందలి నెగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగ నుండెను. అప్పటికాతని వయస్సు 22 ఏండ్లు మించదు. అచ్చట నొక కాపాలికుడు రాత్రివేళ ఆతని కడకు వచ్చుచుండెడివాడని చెప్పుదురు. నవల 1866లో వెలువడినది. గంగాసాగర యాత్రనుండి మరలివచ్చు పడవ యొకటి పొగమంచులో దారితప్పి రసూల్‌పూర్ నదీముఖమునకు చేరును. వంటచెరకు తెచ్చుటకై ఒడ్డున దిగిన నవకుమారుని విడిచి తక్కినవారు వెడలిపోవుదురు. ఇసుకదిబ్బల నడుమ ఒంటరియైన ఆతడు కాపాలికుని కంటబడును. మరునాటి సంధ్యవేళ, విరియబోసిన కురులతో సముద్రపు టొడ్డున నిలిచిన కన్య ఆతనికి కానవచ్చును. కాపాలికుడు ఆతనిని బలియీయ నుద్యమింపగా ఖడ్గమును దాచి, కట్లు కోసి, ఆతనిని తప్పించినది ఆమెయే.

ఈ కథలో నమ్మరాని విషయములు పెక్కు కలవు. ఐనను పాఠకుడు నమ్ముచున్నాడు. కారణము కథాసంవిధానమున నున్నది. అద్భుతము ప్రవేశించుటకు ముందే రచయిత పొగమంచును, నదీముఖపు పోటును, కట్టెల కొరతను, తోటి యాత్రికుల స్వార్థమును ఒకదాని వెంట నొకటిగ మన కనుభవమునకు తెచ్చెను. నవకుమారుని ఒంటరిని చేసినది ఏ మంత్రమును కాదు. సముద్రపు పోటు, మనుష్యుల భయము. ఇంత దూరము నమ్మిన పాఠకుడు ఆ తరువాత ఇసుకదిబ్బపై మంటను, మంట కడ కాపాలికుని నమ్మక తప్పదు.

ఇందులకు ప్రతిగ నవల మూడవ ఖండమును చూడవలెను. అచ్చట కథ ఆగ్రాకు పోవును. జహంగీరు, మెహరున్నీసా మున్నగు చరిత్రపురుషులును స్త్రీలును ప్రవేశింతురు. లుత్ఫున్నీసా పాత్ర బలమైనదే. ఐనను ఆ దర్బారు మంతనములలో మొదటి ఖండపు గాలి వీచదు. చరిత్రలో నున్న ఆగ్రా కల్పితముగ తోచును. చరిత్రలో లేని కాపాలికుని వాస మొక ప్రత్యక్షానుభవముగ తోచును. తీరమును రచయిత కన్నులతో నెరుగును. జహంగీరు దర్బారు నెవ్వరైనను గ్రంథములనుండియే ఎరుగవలెను.

మన భాషలో మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ అద్భుత కథలకు పెన్నిధి. మణిసిద్ధుడు గోపకుమారుని వెంటబెట్టుకొని కాశికి పోవుచు మజిలీ మజిలీకి నొక కథ చెప్పును. పండ్రెండు భాగముల ఈ గ్రంథమున దారి నిజమైనది, కాశి నిజమైనది. కాని చెప్పబడు కథకును విడిది చేసిన ఊరికిని సంబంధము తక్కువ. ఆ కథను మరియొక మజిలీలో చెప్పినను లోటు రాదు. అందువలననే తెలుగు పాఠకుడు ఆ కథలను తరతరములుగ ప్రేమించియు, ఇది ఫలానా కథ జరిగిన చోటని ఏ మజిలీకిని యాత్ర చేయలేదు. బంకించంద్రుని కథను రసూల్‌పూర్ ముఖమునుండి పెరికి వేరొకచోట నాటుట సాధ్యము కాదు. ఇది ఒకరి గొప్పయు వేరొకరి తక్కువయు కాదు. అచ్చట కథ నడచు దారికై పుట్టినది. ఇచ్చట కథ నిలిచిన చోటునుండి పుట్టినది.

ఐతే దరియాపూర్ యాత్రికులలో కొందరు చేయు పొరపా టొకటి కలదు. వారు ఆలయమున కపాలకుండల నిలిచిన శిల యేది యని వెదకుదురు. నవలలో కాళికాలయ మున్నది, పూజారియైన అధికారి యున్నాడు. అత్తవారింటికి బయలుదేరుచు ఆమె దేవి పాదములపై నుంచిన పత్రము జారిపడుటయు, ఆమె భయపడుటయు మరువరాని ఘట్టము. కాని జరుగని కథకు రాతిసాక్ష్యము కోరుట రచయిత శక్తిని శంకించుటయే యగును. ఆ తీరమున నేడు దీపస్తంభ మున్నది, పేటువాఘాట్‌లో చేపలరేవున్నది, పొలములున్నవి. నవలలోని నిర్జనత్వము లేదు. మిగిలినది నదీముఖపు వెడల్పు, పోటు, ఆటు. కథను మొదట కదిలించినవియు అవియే.

కపాలకుండల అను పేరు మాత్రము తీరమున పుట్టినది కాదు. భవభూతి ‘మాలతీమాధవము’న అఘోరఘంటుని శిష్యురాలు కపాలకుండల. ఆమె శ్రీపర్వతమునుండి ఆకాశమార్గమున వచ్చి, మాలతిని చాముండకు బలియీయుటకై గురువునకు తోడ్పడును. శ్రీపర్వతము మన శ్రీశైలమే. బలికి తోడ్పడిన క్రూర యోగిని పేరును బంకించంద్రుడు బలినుండి తప్పించిన అమాయక కన్య కిచ్చెను. తెలుగుకొండ నాశ్రయించిన పేరొకటి ఇట్లు వంగతీరమున క్రొత్త స్వభావమును పొందినది.

పేరు మారిన చోట నిలువగలిగెను. ఆ పేరు ధరించిన కన్య నిలువజాలలేదు. సప్తగ్రామపు ఇంట ఆమెకు భర్త, ఆడుబిడ్డ, ఆదరము అన్నియు లభించినవి. ఐనను ఆమె మనస్సు ఇసుకదిబ్బలపైననే యుండెను. తుదకు విరిగిన గట్టుతో కూడ గంగలో కలిసిపోయెను. వంశధార, నాగావళి తీరములను విడిచి రైలుపట్టాల వెంట వచ్చిన వారి మనుమలకు ఈ దుఃఖము వివరింప పనిలేదు. వారి తాతలు నిలువగలిగిరి, ఆమె నిలువలేదు. ఆ భేద మెందువలన కలిగినదో ఆలోచించుటకు ఈ నవల వారికొక అవకాశము. ఇన్నాళ్లు కొలువు చేసిన నేలగ మాత్రమే కనబడిన జిల్లా వారికి చదివిన నేలగ కూడ కనబడును.

కావున ట్రాఫిక్ పేటనుండి కాంథీకి పోవు పాఠకుడు ఆలయదర్శనముతో యాత్ర ముగిసినదనుకొన రాదు. మొదటి ఖండమును మరల చదివి, పోటు వచ్చువేళ నదీముఖమున కొంతసేపు నిలిచి చూడవలెను. పడవవారు నవకుమారునికై ఏల వేచియుండలేకపోయిరో ఆ నీటివేగమే చెప్పును.