వధువు వెల, వధువు మాట

ఇరాన్ దర్శకురాలు రుఖ్సారే ఖాయెంమఖామీ 2015లో అందించిన ‘సోనితా’ డాక్యుమెంటరీ చిత్రం ముస్లిం సమాజం ముందు ఒక సూటి ప్రశ్న ఉంచుతున్నది: ఆడపిల్ల పెళ్లిలో ఆమె మాటకు చోటెక్కడ?

సోనితా అలీజాదా ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో పుట్టి, బాల్యంలోనే కాందిశీకురాలిగా టెహరాన్ చేరింది. ఆమె సోదరుని పెళ్లికి కన్యాశుల్కం కావాలి. అందుకై ఆమెను తొమ్మిది వేల డాలర్లకు ఎవరికో ఇచ్చి చేయాలని కుటుంబం తలపెట్టింది. తల్లి కఠినురాలు కాదు. తానూ ఆ ఆచారంలోనే పెరిగిన స్త్రీ. సోదరి వెలతో సోదరునికి వధువు! ఈ లెక్కను చిత్రం దాపరికం లేకుండా చూపింది. సోనితా జవాబు ఒక ర్యాప్ పాట. పెళ్లి దుస్తులు ధరించి, నుదుట బార్‌కోడ్ గీతలతో 2014లో ఆమె దానిని పాడింది. సంగీతం విషయంలో ధర్మవేత్తలలో అభిప్రాయభేదాలున్నాయి. అయితే ఆ చర్చను అడ్డుపెట్టుకొని ఆమె మొరను దాటవేయడం న్యాయం కాదు.

ఆ మొర షరీఅత్‌కు విరుద్ధమైనదీ కాదు. మహర్ వధువు సొంత హక్కని దివ్య ఖుర్ఆన్ (4:4) నిర్ణయించింది. తన ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి చేసిన నికాహ్‌పై ఖన్సా బిన్త్ ఖిదామ్ ఫిర్యాదు చేయగా, దైవప్రవక్త (స) దానిని రద్దు చేశారని సహీహ్ బుఖారీ తెలుపుతున్నది. ఆచారానికీ ధర్మానికీ గల ఈ అంతరానికి చిత్రం తగినంత చోటివ్వలేదు. ఇది దాని లోపం.

ఆరు నెలల గడువు కోసం దర్శకురాలే తల్లికి రెండు వేల డాలర్లు చెల్లించింది. ఆ సంగతి దాచకపోవడం ఆమె నిజాయితీ. తర్వాత సోనితా విద్యార్థి వేతనంపై అమెరికా చేరింది. చిత్రానికి 2016లో సన్‌డాన్స్ ఉత్సవ బహుమతులు లభించాయి. కాని ఒక బాలికను విడిపించిన సొమ్ము ఆచారాన్ని మార్చదు.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. సాగర్ సర్హదీ తీసిన కథాచిత్రం ‘బాజార్’ (1982) హైదరాబాద్‌లో ఇలాంటి బేరాన్నే చూపింది. ఖయ్యాం బాణీలలో మీర్, మఖ్దూం కవిత్వం హృదయాన్ని కరిగిస్తుంది. కాని పేదింటి షబ్నమ్‌కు తన మాట లేదు. ఆమెకు మిగిలింది మరణమే. సోనితా తన మాటను తానే వ్రాసుకొని బ్రతికింది. రెండు చిత్రాల మధ్య భేదం ఇదే.

హనుమాన్ జంక్షన్, నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలకు పూత మీదనే బేరాలు కుదురుతుంటాయి. పక్వత కనిపించక ముందు చెట్టుమీది పండ్లను అమ్మవద్దని హదీసు వారించింది. పండ్ల విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, సరుకే కాని ఆడపిల్ల విషయంలో ఎంత ఉండాలి? 1961 నాటి నిషేధ చట్టం ఉన్నా, మన వైపు సొమ్ము కట్నం రూపంలో ఎదురు దిక్కున నడుస్తున్నది. సొమ్ము ఎటు నడిచినా, నికాహ్‌కు ముందు వలీ అడిగే సమ్మతికి ‘వద్దు’ అని చెప్పగల స్వేచ్ఛ ఆ పిల్లకు ఉండాలి. తండ్రులు, సోదరులు ఈ చిత్రాన్ని చూడవలసింది అందుకే.