పులియని రొట్టె, పులియని రసం

పెంతెకోస్తు సంఘాల ఆరాధనలో ముందే అచ్చువేసిన క్రమం ఉండదు. ఏ పల్లవి ఎన్నిసార్లు పాడతారో, ఎవరు లేచి సాక్ష్యం చెబుతారో, ప్రార్థన ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. అదంతా ఆత్మ నడిపింపు అంటారు. అదే ఆరాధన ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచరణ) దగ్గరికి వచ్చేసరికి అడుగడుగూ కొలిచినట్టు నడుస్తుంది. కొన్ని సంఘాల్లో బల్ల ప్రతి ఆదివారం ఉంటుంది, చాలాచోట్ల నెలలో మొదటి ఆదివారం ఉంటుంది. తెలుగునాట ఈ ఆరాధన నిన్నమొన్నటిది కాదు. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకోస్తు సంఘం (ఐ.పి.సి.) 1935లో రిజిస్టర్ అయింది మన ఏలూరులోనే. అయితే బల్లలోని పనితనం తెలియాలంటే గుడికంటే ముందు వంటింట్లోకి వెళ్లాలి.

రొట్టెకు పిండి, నీళ్లు, కాస్త నూనె చాలు. ఈస్టు గానీ సోడా గానీ పడదు. కలిపిన ముద్దను ఎక్కువసేపు వదిలేస్తే తనంతట తానే పులవడం మొదలెడుతుంది, అందుకే వెంటనే పలచగా వత్తి కాలుస్తారు. కాల్చేముందు ఫోర్కుతో అక్కడక్కడా పొడుస్తారు. ఆవిరి ఆ రంధ్రాల్లోంచి పోతుంది కాబట్టి రొట్టె పొంగదు, పెళుసుగా వస్తుంది. ఆ పెళుసుతనమే కావలసింది. అయ్యగారు, అంటే పాస్టరు, అందరి ముందూ పట్టుకున్నప్పుడు అది సాగకూడదు, విరగాలి. పెద్ద సంఘాల్లో ముక్కలు ముందే చేసి ఉంచినా ఒక రొట్టెను మాత్రం నిండుగా బల్లమీద పెడతారు. మనం అనేకులమైనా రొట్టె ఒక్కటే గనుక ఒకే శరీరమని కొరింథీయులకు అపొస్తలుడైన పౌలు రాశాడు. ఆ మాట కళ్లకు కనబడాలంటే ఒక్క రొట్టె అయినా నిండుగా ఉండాలి.

రసం పని ఇంకా సున్నితం. నల్లద్రాక్షలు కడిగి, మునిగేలా నీళ్లు పోసి, తొక్కలు పగిలేదాకా ఉడికిస్తారు. లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది, ఎరుపంతా తొక్కలోది. వేడి తగిలితే ఆ రంగు నీళ్లలోకి బాగా దిగుతుంది. ఆ వేడే ఇంకో పని కూడా చేస్తుంది. తొక్కమీద సహజంగా ఉండే ఈస్టును చంపుతుంది, దాంతో రసం మద్యంగా మారదు. అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు 1869లో చేసిందీ ఇదే. మెథడిస్టు సంఘంలో బల్ల ఏర్పాట్లు చూసుకునే ఆయన, పాశ్చర్ పద్ధతి పట్టుకుని సీసాల్లో రసాన్ని వేడిచేసి పులవకుండా ఆపాడు. చూడండి, రొట్టె పులవకుండా ఆపేదీ, రసం పులవకుండా ఆపేదీ ఒకే ఈస్టు మీద కాపలా. యూదుల పస్కా పండుగలో ఇంట్లోంచి పులిపిండి తీసేసే ఆచారం తెలిసినవారికి ఈ రెండు పనులూ ఒకటేనని ఇట్టే తోస్తుంది.

తర్వాత ట్రే. మామూలు ట్రేలో నలభై రంధ్రాలు వలయాలుగా ఉంటాయి, ఒక్కోదాంట్లో చిన్న కప్పు. ఒక ట్రే అడుగు కింది ట్రే అంచులో కూర్చుంటుంది, కప్పులకు తగలదు. అందుకే నాలుగైదింటిని ఒకదానిమీద ఒకటి పేర్చి మూత పెట్టొచ్చు. కప్పును అంచుదాకా నింపరు. వరసలో చేతులు మారేటప్పుడు ట్రే ఎంతోకొంత వాలుతుంది, ఆ వాలుకు సరిపడా వెలితి ఉంచుతారు. ఒకే పాత్రలో అందరూ తాగితే రోగాలు అంటుతాయన్న భయం పెరిగిన రోజుల్లో, 1894లో ఒహాయోకు చెందిన జె.జి. థామస్ అనే పాస్టరు ఈ విడికప్పుల పద్ధతికి పేటెంటు పొందాడు. ఆయన వైద్యుడు కూడా.

విడికప్పులతో ఆరోగ్యం దక్కింది, ‘ఒకే పాత్ర’ పోయింది. ఆ లోటును ఈ సంఘాలు పూడ్చుకున్న తీరు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. రొట్టె ముక్క చేతికి రాగానే ఎవరూ నోట్లో వేసుకోరు. బాప్తిస్మం తీసుకున్నవారు, స్త్రీలైతే తలమీద ముసుగు సర్దుకుని, రెండు చేతులూ చాచి అందుకుని, అలాగే పట్టుకుని ఉంటారు. పెద్దలు ట్రేలు పట్టుకుని వెనకవరస దాకా వెళ్తారు. కీబోర్డు వాయించే అబ్బాయి కళ్లు పాటమీద ఉండవు, ట్రేమీద ఉంటాయి. చివరి వరస మిగిలిందంటే పల్లవి మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ వ్యవధిలోనే ఎవరికి వారు తమను పరీక్షించుకుంటారు. మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు వరసలు దాటివచ్చి చేతులు పట్టుకునేదీ అప్పుడే. అందరికీ అందాయని తెలిశాకే అయ్యగారు స్తోత్రం చెల్లిస్తారు, అందరూ ఒక్కసారే తింటారు. పాత్ర విషయంలోనూ అంతే.

కొరింథులో జరిగిన తప్పు ఏమిటో గుర్తుచేసుకుంటే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. అక్కడ ముందొచ్చినవాడు కడుపునిండా తిని మత్తెక్కేదాకా తాగితే, వెనకొచ్చినవాడు ఆకలితో ఉండేవాడు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండని పౌలు కోప్పడింది అందుకే.

సిద్ధాంతం అడిగితే ఈ సంఘాల్లో చాలావరకు ఇది జ్ఞాపకార్థమైన ఆచరణ అంటాయి. రొట్టె శరీరంగా మారుతుందనవు. 1529లో జర్మనీలోని మార్బుర్గులో సంస్కర్త లూథరుతో మరో సంస్కర్త జ్వింగ్లీ వాదించిన పక్షం దాదాపు అదే. కానీ బల్ల దగ్గర నిలబడినవారి ప్రార్థన వింటే జ్ఞాపకం ఒక్కటే అనిపించదు. రొట్టెకూ పాత్రకూ నడుమ రోగుల కోసం ప్రార్థిస్తారు, కొందరు అన్యభాషల్లో మాట్లాడతారు. యెషయా 53వ అధ్యాయంలోని గాయాలను శరీర స్వస్థతతో ముడిపెట్టి, విరిగిన రొట్టెలో ఆ స్వస్థతను అందుకుంటున్నామని నమ్ముతారు. స్వస్థత ఎప్పుడు, ఎలా అన్నదాంట్లో బోధకులు ఒక్క మాటమీద లేరు. అయినా ప్రభువు ఇప్పుడు ఇక్కడ ఉన్నాడన్న నమ్మకంతోనే చేతులు చాస్తారు, నా దృష్టిలో వారి అసలు సిద్ధాంతం అదే.

ఆరాధన ముగిశాక కూడా పని మిగులుతుంది. మంచానపడ్డ ముసలమ్మ ఇంటికి అయ్యగారు, ఒక పెద్ద కలిసి వెళ్తారు. చేతిసంచిలో నాలుగైదు కప్పులు, చిన్న సీసా, డబ్బాలో రొట్టె. అక్కడా అదే వరస: వాక్యం చదవడం, కాసేపు ఆగడం, రొట్టె విరవడం. గుడిలో ఒకసారి తీసుకున్న అయ్యగారు మళ్లీ ఆమెతో కలిసి తీసుకుంటారు, ఆమె ఒక్కతే తినకూడదని.