పార్థెనాన్ కింది అరుగు

గ్రీకుల పార్థెనాన్ గుడి మెట్లు మనుషులు ఎక్కడానికి కట్టినవి కావు. ఒక్కొక్కటి దాదాపు అర మీటరు ఎత్తు. అందుకే తూర్పు వాకిలి ఎదుట మధ్యలో చిన్న మెట్లు ఇరికించారు. ఒలింపియాలోని జ్యూస్ ఆలయానికైతే ఏటవాలు దారే వేశారు. గ్రీకు గుడి మెట్టు గుడి కొలతను బట్టి పెరుగుతుంది. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుకారుడు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నాడు. కుడికాలితో మొదలుపెడితే పైకి చేరేటప్పుడూ కుడికాలే పడాలని. కుడికాలు ముందు పెట్టమని చెప్పే ఇళ్లలో పెరిగిన మనకు ఇదేమీ వింత కాదు.

ఈ మెట్ల అరుగు పేరు క్రెపిస్. దాని కింద నేలలో దాగిన పునాది స్టీరియోబేట్. ఆ పునాదికి మట్టం సరిచేసే పై వరస యూథింటీరియా. స్తంభాలు నిలిచే చివరి మెట్టు స్టైలోబేట్. పార్థెనాన్‌లో ఇది సుమారు 30.9 మీటర్ల వెడల్పు, 69.5 మీటర్ల పొడవు. గుడి నిలిచిన కొండ దక్షిణానికి వాలి ఉండటంతో అటువైపు పునాది 10 మీటర్లకు పైగా దిగింది. అది చాలా మటుకు పాత పునాదే. క్రీ.పూ. 480లో పర్షియన్లు ధ్వంసం చేసే నాటికి ఇంకా కడుతూ ఉన్న గుడి కోసం వేసింది. క్రీ.పూ. 447లో ఇక్టినోస్, కల్లిక్రాటిస్ అనే వాస్తుకారులు దాని మీదే కొత్త గుడి మొదలుపెట్టారు.

చూపుకు పలకలా కనిపించే స్టైలోబేట్ నిజానికి నడుమ ఉబ్బి ఉంటుంది. కురచ వైపుల సుమారు 6 సెంటీమీటర్లు, పొడవు వైపుల 11. ఆంగ్లేయుడు ఫ్రాన్సిస్ పెన్‌రోజ్ 1840ల్లో ఓపిగ్గా కొలిచి, ఆ లెక్కలు 1851లో అచ్చువేశాడు. ఎందుకీ ఉబ్బు? సమతలంగా ఉంచితే కంటికి నడుమ గుంటపడినట్టు తోస్తుందని విట్రూవియస్ జవాబు. వాన నీళ్లు జారిపోవడానికని మరికొందరి మాట. నీళ్ల కోసమే అయితే ఒక పక్కకు కాస్త వాలు ఇస్తే సరిపోయేది కదా, ఇంత తంటా ఎందుకు? కింద వంపు ఉన్నప్పుడు స్తంభం అడుగు రాయిని ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క తక్కువగా చెక్కాలి. ఆ వంపు పైన దూలాల దాకా పోతుంది. ఒక చోటికని చెక్కిన రాయి ఇంకో చోట అతకదు. కంటికోసమే ఈ శ్రమంతా పడ్డారని నాకు అనిపిస్తుంది.

రాళ్ల మధ్య సున్నం లేదు. రాయి పక్క ముఖంలో అంచు వెంబడి సన్నటి పట్టీని మాత్రమే నున్నగా చెక్కి, నడుమ భాగాన్ని గరుకుగా, కొద్దిగా లోపలికి తొలిచేవారు. దీన్ని అనాథిరోసిస్ అంటారు. తాకేది పట్టీ ఒక్కటే కాబట్టి అతుకు బిగువుగా కుదురుతుంది, నున్నగా చెక్కే పనీ తగ్గుతుంది. సిసిలీలోని సెజెస్టాలో సగంలో ఆగిన గుడి ఒకటుంది. దాని మెట్ల రాళ్ల మీద, రాళ్లను కదిలించి కూర్చడానికి వదిలిన బొడిపెలు ఇప్పటికీ కనిపిస్తాయి. పని పూర్తయితే ఉలితో తీసేయాల్సినవి అవి.

పార్థెనాన్‌లో రాయికీ రాయికీ ఇనుప బందులు వేసి, చుట్టూ కరిగిన సీసం పోశారు. తేమ ఇనుము దాకా పోకుండా అది అడ్డుకుంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో మరమ్మతులు చేసిన నికొలాస్ బలానోస్ ఇనుము వాడాడు కానీ సీసం పోయించలేదు. తుప్పుపట్టి ఉబ్బిన ఇనుము పాలరాయిని పగలగొట్టింది. తర్వాతి మరమ్మతుల్లో ఆ ఇనుమును ఊడదీసి టైటానియం బిగిస్తూ వస్తున్నారు.