రట్ఠపాలుణ్ణి ఎవరు చూశారు?

పాలి సుత్తాల కథకుణ్ణి 'సర్వసాక్షి' అని ఒక్కమాటతో తేల్చివేయడం విమర్శలో పరిపాటి. మజ్ఝిమనికాయంలో 82వదైన రట్ఠపాల సుత్తం ఆ మాటకు లొంగదు. నేటి ఢిల్లీ ప్రాంతం ఒకప్పటి కురుజనపదంలోనిది. ఈ కథ జరిగే థుల్లకోట్ఠిత నిగమం కూడా ఆ జనపదానిదే.

రట్ఠపాలుడు సంపన్నుల ఏకైక పుత్రుడు. ఇంట్లో ఉంటూ పరిపూర్ణ బ్రహ్మచర్యం సాగించడం సులభం కాదన్న అతని ఆలోచనను, ప్రవ్రజ్యకు ముందు, కథకుడు నేరుగా చెబుతాడు. అర్హత్వం సిద్ధించిన తరువాత ఆ మనసు తలుపు మూసుకొంటుంది. తల్లిదండ్రులను చూసివస్తానని అతడు అనుమతి కోరినప్పుడు అతని చిత్తాన్ని పరికించేది బుద్ధుడు. అతడిక గృహజీవనానికి మరలడని మనకు తెలిసేది ఆ చూపువల్లనే. నవీన్ 'అంపశయ్య' (1969) రవి మనసును ఆసాంతం అంటిపెట్టుకొని సాగుతుంది. ఇక్కడి పద్ధతి దానికి విరుద్ధం: నాయకుణ్ణి ఇతరుల కళ్లతోనే చూడాలి.

ఇంటి ముందరి ఘట్టం చూడండి. తండ్రి నడిమి వాకిటి చావడిలో తల దువ్వించుకొంటున్నాడు. వచ్చేవాడిలో ఆయనకు కనబడింది బోడితల ఒక్కటే. తన కొడుకును ఇలాంటివారే ఇల్లు విడిపించారని, ఆ కొడుకునే నిందిస్తాడు. అంతలో ఇంటి దాసి పాచిపోయిన జావ పారబోయడానికి వస్తుంది. పారబోసేదైతే తన పాత్రలో పోయమంటాడు రట్ఠపాలుడు, సోదరీ అని సంబోధిస్తూ. పోస్తూ పోస్తూ ఆమె అతని చేతులు, పాదాలు, కంఠస్వరం గుర్తుపడుతుంది. ముఖం ప్రసక్తి లేదు. పాత్ర మీదికి వంగిన దాసికి ముందు కనిపించేవి అవే కదా! ఏ అలంకారికుడూ నేర్పని సూక్ష్మత ఇది.

ఆమె పరుగున వెళ్లి యజమానురాలికి చెబుతుంది. నీ మాట నిజమైతే దాస్యం నుంచి విడిపిస్తానంటుంది ఆ తల్లి. వెంటనే కబురు తండ్రికి చేరుతుంది; కథ బంగారు రాశులవైపు, అలంకరించుకొన్న భార్యలవైపు, ఆపై కోరవ్య రాజుతో సంభాషణవైపు సాగిపోతుంది. రట్ఠపాలుణ్ణి మొదట గుర్తించిన ఆ కళ్లకు సుత్తంలో పేరు లేదు. ఇచ్చిన మాట నిలిచిందో లేదో కథకుడు చెప్పడు. నాయకుడి మౌనం శిల్పమని నేను ఒప్పుకొంటాను. దాసి విషయంలో పాటించిన మౌనాన్ని మాత్రం అలా సమర్థించలేను.