చెవితో పట్టే జబ్బు

అవనిగడ్డ, నాగాయలంక వైపు వాషింగ్ మెషీన్ తిరగనంటే, మంచి మెకానిక్ ముందు స్క్రూడ్రైవర్ తియ్యడు, చెవి పెడతాడు. మోటారు మూలుగుతూ కదలడం లేదా? ప్లగ్గు పీకి, వెనక మూత విప్పి, పుల్లీని చేత్తో తిప్పి చూస్తాడు. తేలిగ్గా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీదే. సింగిల్ ఫేజ్ మోటారుకు మొదటి ఊపు ఇచ్చేది అదే కదా. దాన్ని తాకేముందు అందులో మిగిలిన కరెంటు దించేస్తాడు. ఆ జాగ్రత్త చూసినప్పుడల్లా ఆ పనిమీద నాకు గౌరవం పెరుగుతుంది.

మోటారు తిరుగుతున్నా నీళ్లు సుడి తిరగకపోతే బెల్టు జారి ఉండాలి, లేదా పల్సేటర్ లోపలి పళ్లు అరిగి ఉండాలి. పిండే డబ్బా మొరాయిస్తే మూత కింది స్విచ్, బ్రేకు వైరు.

ఈ దివిసీమలో అసలు శత్రువు ఉప్పు. గాలిలో ఉప్పు, చాలాచోట్ల బోరు నీళ్లలోనూ ఉప్పే. స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. సీలు అరిగితే బేరింగు దాకా తడి చేరుతుంది. తల చెడకుండా ఒక్కో స్క్రూకి నూనె చుక్క వేసి, కాసేపు ఆగి, మెల్లగా కదిలించే ఆ ఓపిక ఏ పుస్తకంలో దొరుకుతుంది?

"మోటారు బానే ఉందమ్మా, కెపాసిటర్ ఒక్కటే మారుద్దాం" అంటాడు. మార్చాక తడి దుప్పటి వేయించి, డబ్బా పూర్తి వేగం అందుకునేదాకా పక్కనే నిలబడి వింటాడు.