ఐదు గళ్ల ప్రశ్న

బెంగళూరులో ఎవరైనా డబ్బు పంపే యాప్ తెరిచి ‘అ’ అని కొడితే అమ్మ, అన్నయ్య, అద్దింటాయన వరుసగా తేలతారు. ఆ పేర్లు యాప్ సొంతం కావు, ఫోన్‌లోని కాంటాక్ట్స్ డేటాబేస్‌వి. దాన్ని ఏ యాపూ నేరుగా తాకలేదు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ నుంచీ మధ్యలో కంటెంట్ ప్రొవైడర్ ఉంది. కిరాణా కొట్లో గల్లా దగ్గర నిలబడి అడిగితే సరుకు ఇస్తారు గానీ గోదాములోకి పోయి బస్తాలు విప్పనివ్వరు కదా, అలాగన్నమాట.

అడగడానికి ఉన్నవి ఐదు గళ్లు: ఏ చిరునామా, ఏ కాలమ్‌లు, ఏ షరతు, షరతులో ఏ విలువలు, ఏ వరుస. రెండు పట్టికలను కలిపే జాయిన్‌కు గడి లేదు. గ్రూప్ బైకి లేదు, లిమిట్‌కూ లేదు. కాలేజీలో ఎస్‌క్యూఎల్ బాగా నేర్చుకుని మారతహళ్లి, కోరమంగళ ఆఫీసుల్లో చేరిన మన పిల్లలకు ఇది మొదట్లో చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఈ ఇరుకు అవసరమనే నా నమ్మకం.

విలువల గడినే చూడండి. షరతులో ప్రశ్నార్థకం పెట్టి, అసలు పేరును విడిగా పంపాలి. తొందరలో పేరును షరతులోనే అతికించేస్తారు కొందరు. రమేశ్, లక్ష్మి ఉన్నంతవరకు నడుస్తుంది. బెంగళూరులో డి'సౌజాలు తక్కువేం కాదు. ఆ పేరులోని చిన్న కొటేషన్ గుర్తు దగ్గర వాక్యం తెగి, యాప్ ఆగిపోతుంది. దురుద్దేశంతో రాసిన పేరైతే ఇంకేం చేయగలదో ఊహించుకోవచ్చు.

గ్యాలరీ యాప్‌ల కథ ఇంకా లోతైనది. ఆల్బమ్‌కు ఒక ఫొటో చొప్పున చూపించాలంటే గ్రూప్ బై కావాలి. ఫొటోల వివరాలిచ్చే మీడియా ప్రొవైడర్ మనమిచ్చిన షరతు చుట్టూ బ్రాకెట్లు వేస్తుందని కనిపెట్టినవాళ్లు, షరతులో ‘1’ రాసి, వెంటనే బ్రాకెట్ మూసి, గ్రూప్ బై చేర్చి, కాలమ్ పేరు ముందు కొత్త బ్రాకెట్ తెరిచి వదిలేశారు. చివరి బ్రాకెట్ ప్రొవైడరే మూసేది! తెలివైన పనే, కానీ దొంగలు వాడే కిటికీ కూడా అదే. 2019లో ఆండ్రాయిడ్ 10 దాన్ని మూసేసింది. వరుస గడిలో లిమిట్‌ను దూర్చే అలవాటుకు మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 11 అడ్డు చెప్పింది. లిమిట్‌ను సక్రమంగా అడిగే దారి 2017లోనే, ఆండ్రాయిడ్ 8తో వచ్చింది. అయితే ప్రొవైడర్ ఆ మాట పాటించిందో లేదో జవాబులో చూసుకోవాల్సింది మనమే.

జాయిన్ లేని లోటు డయలర్ యాప్ రాసేవాళ్లకు బాగా తెలుస్తుంది. కాల్ లాగ్ ఒకచోట, కాంటాక్ట్స్ ఇంకోచోట. ఒక్కో కాల్‌కు ఒక్కోసారి పేరు అడిగితే ప్రతిసారీ వేరే ప్రాసెస్‌కు వెళ్లి రావాలి, తక్కువ ధర ఫోన్‌లో జాబితా వేలికింద అంటుకుపోతుంది. పని తెలిసినవాళ్లు రెండే ప్రశ్నలు వేస్తారు. కాంటాక్ట్స్‌ను ముందుగా నంబర్‌వారీగా మ్యాప్‌లో పెట్టుకుని, తర్వాత కాల్ లాగ్ మీదుగా నడుస్తారు. ఒకచోట +91తో, ఇంకోచోట సున్నాతో ఉన్న నంబర్లు కలవవు కాబట్టి నార్మలైజ్డ్ నంబర్‌నే పట్టుకుంటారు. కాలమ్‌ల గడిని ఖాళీగా వదలరు. వదిలితే అన్నీ వచ్చిపడతాయి, జవాబును మోసే కర్సర్ విండోకు ఉన్నది మామూలుగా 2 ఎంబీ.

ఇంత క్రమం ఎవరి కోసం? 2020 చివర్లో లోన్ యాప్‌లు తెలంగాణలో ఏం చేశాయో మరిచిపోలేం. కాంటాక్ట్స్ మొత్తం లాగేసుకుని బంధువులందరికీ ఫోన్‌లు చేసి అవమానించారు, ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అక్కడ ఐదు గళ్లు ఎవరినీ కాపాడలేదు, ఎందుకంటే కాంటాక్ట్స్ అనుమతి ఒకసారి ఇస్తే పేర్లన్నీ ఇచ్చినట్టే. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్ జోలికి పోవద్దంది. 2023 డేటా రక్షణ చట్టం ఇచ్చిన ఒక ఉదాహరణ నాకెంతో నచ్చింది: టెలిమెడిసిన్ యాప్ కాంటాక్ట్స్ అడిగి, మనిషి ఒప్పుకున్నా సరే, వైద్యానికి అవి అక్కర్లేదు కాబట్టి ఆ ఒప్పుకోలు చెల్లదు.

యాప్ రాసేవాళ్ల చేతిలో ఇంతకంటే సులువైన దారి ఆండ్రాయిడ్ 2.3 నుంచీ ఉంది. అనుమతి అడగకుండా ఫోన్ సొంత కాంటాక్ట్స్ తెరను పిలవొచ్చు. మనిషి తనకు కావాల్సిన ఒక్క పేరును తాకితే, ఆ ఒక్క వరుసను చదివే హక్కు మాత్రమే, అదీ తాత్కాలికంగా, యాప్‌కు వస్తుంది. ఒకరికి డబ్బు పంపడానికి ఒక పేరు చాలు.