ఎముక దొరికితే సరిపోదు

మా పావగడ వైపు ఎవరి పొలంలోనైనా బోరు వేస్తుంటే చుట్టుపక్కల వాళ్ళంతా చేరతారు. నీళ్ళు పడతాయా లేదా అన్నదే అందరి ధ్యాస. పైపు చుట్టూ కుప్ప పడే పొడిని ఎవరూ పట్టించుకోరు. ఐదొందల అడుగులకైనా, వెయ్యి దాటినా అదే బండ పొడి. అందులో ఒక గవ్వ గాని, ఎముక ముక్క గాని ఇంతవరకూ రాలేదు, ఇక మీదటా రాదు. ఎంత లోతుకు పోతే అంత పాత జంతువులు తగులుతాయని చాలామంది అనుకుంటారు. బడి పిల్లలైతే మన కొండ కింద డైనోసార్ ఉండదా అని అడుగుతారు. ఉండదు. ఎముక రాయిగా మారి మిగలడం అన్నది లోతును బట్టి కాదు, రాయి జాతిని బట్టి ఉంటుంది.

పావగడ కోట నిలబడిన కొండ, తిరుమణి దగ్గర సోలార్ పలకల మధ్య తల ఎత్తే బండలు, అన్నీ భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాళ్ళే. రామనగరకు పాత పేరు క్లోజ్‌పేట. ఆ పేరు మీదే దీన్ని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. రామనగర నుంచి తుమకూరు మీదుగా మా తాలూకాను దాటి ఉత్తరానికి పోయే ఈ రాతి పట్టీ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు భూమి మీదకు వచ్చింది సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట. అంటే మొదటి డైనోసార్ నడిచేనాటికే మా గుట్టలకు రెండొందల కోట్ల ఏళ్ళు దాటాయి. తనకంటే అన్నేళ్ళ తర్వాత పుట్టిన జంతువు రాయి కడుపులో ఎలా ఉంటుంది?

శిలాజం కావాలంటే ఒండ్రు కావాలి. ఏరో, చెరువో, సముద్రమో తెచ్చి పేర్చిన బురద, ఇసుక, సున్నం గట్టిపడి రాయి కావాలి. చచ్చిన జంతువు ఆ బురదలో త్వరగా కప్పబడిపోవాలి. అలాంటి రాళ్ళు మాకు మరీ దూరంలో లేవు. మా తుమకూరు జిల్లాలోనే దొడ్డగుణి దగ్గర సున్నపు రాళ్ళలో, తూర్పున అనంతపురం దాటి కడప వైపు వేంపల్లి రాళ్ళలో పొరలు పొరలుగా గుమ్మటాల్లా పెరిగిన గుర్తులు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటొలైట్లు అంటారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు లోతులేని నీళ్ళలో జిగట పొరలు కట్టి, వాటి మీద సున్నం పేరుకుని మిగిలిన ఆనవాళ్ళవి. అప్పటికి ఎముక అన్నదే పుట్టలేదు.

ఎముకలు చూడాలంటే బేతంచెర్ల దాకా పోవాలి. అక్కడి బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకం మొదలుపెట్టాడు, ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. గుహ నేల మట్టిలోంచి తీసిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ఒక ఖడ్గమృగానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. కర్నూలు పేరు అలా లాటిన్‌లోకి ఎక్కింది. సీమలో ఖడ్గమృగాలు తిరిగాయంటే ఇప్పటికీ మావాళ్ళు నవ్వుతారు.

అసలు ఖజానా మాత్రం గోదావరి దగ్గర ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా ఆసిఫాబాద్, చెన్నూరు వైపులనుంచి ప్రాణహిత దాటి మహారాష్ట్ర సిరొంచా దాకా పరుచుకున్న ఎర్రమట్టి రాళ్ళు, ఇసుకరాళ్ళు, సున్నపురాళ్ళు మన దేశంలో డైనోసార్ల తొలినాళ్ళ కథకు పెద్ద ఆధారం. ఆ రాళ్ళ పొరలకు పేర్లు కూడా అక్కడి ఊళ్ళవే: ఎర్రపల్లి, మలేరి, ధర్మారం, కోట.

పందొమ్మిదో శతాబ్దంలోనే నాగపూరు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ వంటివాళ్ళు ఆ ప్రాంతపు శిలాజాల మీద కన్నేశారు. అయితే పని పద్ధతిగా సాగింది 1957 తర్వాతే. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ వచ్చింది. గణాంకాల సంస్థకు ఎముకలతో ఏం పని అని ఇప్పుడు మనకనిపిస్తుంది గాని, కొలిచి లెక్కపెట్టడానికి వీలున్న ప్రతిదీ తన సంస్థకు పనికొస్తుందని మహలనోబిస్ నమ్మకం. ఆమె శిక్షణలో ఎదిగిన మన యువకులే తర్వాత యాభై ఏళ్ళు ఆ లోయను గాలించారు. 2007లో ధర్మారం రాళ్ళ డైనోసార్‌కు లాంప్లుఘ్‌సారా అని ఆమె మధ్య పేరు పెట్టారు. ఆ పేరు ప్రకటించిన వ్యాసంలోనే ఇంకో డైనోసార్‌కు ప్రధానియా అని పెట్టారు. ధుయియా ప్రధాన్ ఆ సంస్థలో ఎన్నో ఏళ్ళు ఎముకలు వెతికి తెచ్చిన మనిషి. ఆచార్యుల పేరు పెట్టడం మామూలే. ఎండలో ఎముక ఏరిన మనిషి పేరు పెట్టడం నాకు ఎక్కువ నచ్చిన విషయం.

ఎముకలు వెతకడానికి ముందుగా ఎవరూ పలుగు పట్టుకోరు. వానలకు ఎర్రమట్టి రాయి కోసుకుపోయి లోపలి ఎముక కొన బయటపడుతుంది. వానలు వెనకబట్టాక వాగు గట్లను, మిట్ట వాలులను కళ్ళతో జల్లెడ పట్టడమే మొదటి పని. వాలు కింద రెండు మూడు ముక్కలు దొరికితే అక్కడ తవ్వరు. అవి పైనుంచి జారివచ్చినవి. మెల్లగా వాలెక్కుతూ, ముక్కలు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ పొరలో చూస్తారు. ఎముకో రాయో తేలనప్పుడు పాతవాళ్ళు ఆ ముక్కను నాలుకకు తాకిస్తారు. సన్న రంధ్రాల ఎముక నాలుకకు అంటుకుంటుంది, రాయి అంటుకోదు. పరీక్ష చిన్నదే, కాని చాలాసార్లు పనికొస్తుంది.

పొర దొరికాక నేల మీద గళ్ళు కట్టి, ఏ ఎముక ఏ గడిలో ఏ దిక్కుకు పడి ఉందో కాగితం మీద గీస్తారు. ఇది చేయకపోతే ఎముకలు తీసినా సగం కథ పోయినట్టే. సిరొంచా దగ్గర పోచంపల్లిలో 1960 ప్రాంతంలో సుమారు 276 చదరపు మీటర్ల నేలలో దాదాపు 300 ఎముకలు, వాటి పక్కనే పెద్ద పెద్ద చెట్ల మానులు రాయిగా మారి కనిపించాయి. అవన్నీ కనీసం ఆరు జంతువులవి. ఆ 'కనీసం' ఎలా తేలుతుందంటే, ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది కదా, అలాంటి ఒకే వైపు ఎముకలు ఎన్ని దొరికాయో లెక్కిస్తారు. మానులూ ఎముకలూ కలిసి పడి ఉన్న తీరు చూస్తే వరద కొట్టుకొచ్చి అక్కడ వదిలిందని అర్థమవుతుంది.

ఎముకను నేలలోంచి లేపడం అన్నింటికన్నా ఓపిక పని. కోట్ల ఏళ్ళ ఎముక చూడటానికి రాయిలా ఉన్నా, లోపల వెంట్రుకవాసి చీలికలతో నిండి ఉంటుంది. అందుకే దాన్ని ఒంటరిగా తీయరు. చుట్టూ ఉన్న మట్టితో సహా ఒక దిమ్మలా విడగొడతారు. పైన సన్నని బ్రష్షుతో దుమ్ము దులిపి, పలచని జిగురు పోసి చీలికలు పట్టిస్తారు. దాని మీద తడి కాగితం పొరలుగా అంటిస్తారు, లేకపోతే తర్వాత వేసే ప్లాస్టర్ ఎముకకే పట్టేస్తుంది. గోనెపట్టను పట్టీలుగా చింపి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో ముంచి, ఒకదాని మీద ఒకటి వాలేలా చుడతారు. ప్రభుత్వాసుపత్రిలో విరిగిన చేతికి వేసే కట్టు లాంటిదే. అది బిగిసేదాకా కూర్చుని, అడుగు భాగాన్ని రెండు వైపులనుంచి కోసుకొస్తారు. చివరికి ఒక్క ఊపులో తిరగేసి, అడుగుకూ కట్టు వేస్తారు. ఆ తిరగేసే క్షణంలో కట్టులోంచి మట్టి జారిందంటే నెలల పని పోయినట్టే. పోచంపల్లిలో దొరికిన ఒక తొడ ఎముక పొడవు ఐదున్నర అడుగులు. దానిలాంటివాటికి ఈ కట్టు వేసి బండి దాకా మోసిన వాళ్ళు ఊరి మనుషులే. 'పెద్ద కాలు' అని అర్థం వచ్చే 'బరాపా' మాట ఆ తొడను చూసే పుట్టింది. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి 1961లో వచ్చింది కాబట్టి ఆ డైనోసార్ జాతికి బరాపాసారస్ టాగోరీ అని నామకరణం చేశారు.

గమనించండి: ఎముకలు 1958 నుంచి 1961 దాకా దొరికాయి, పేరు 1975లో పెట్టారు, ప్రతి ఎముకనూ పూర్తిగా వర్ణించిన వ్యాసం 2010లో వచ్చింది. మధ్య కాలమంతా కలకత్తాలో బల్లల మీద సూదులతో, చిన్న ఉలులతో రాయిని ఎముక నుంచి విడగొట్టడంలో, అంటించడంలో, ఇతర దేశాల ఎముకలతో పోల్చడంలో గడిచింది. కొత్త జంతువు కనిపెట్టారు అని పేపర్లో చదివినప్పుడు మనకు మైదానంలో పలుగు పట్టుకున్న మనిషే గుర్తొస్తాడు. జంతువు కొత్తదని తేలేది మాత్రం చాలాసార్లు బీరువా సొరుగు ముందే, అదీ దశాబ్దాల తర్వాత.

ఈమధ్య ముచ్చటే చూడండి. మలేరి పై పొరల్లో అన్నారం గ్రామం దగ్గర టి.ఎస్. కుట్టి సేకరించిన తుంటి ఎముకలు, వెన్నుపూసలు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండిపోయాయి. 2011లో వాటిని వర్ణించినా పేరు పెట్టలేదు. అర్జెంటీనా శాస్త్రవేత్త మార్టిన్ ఎజ్కుర్రా, మన శాస్త్రవేత్తలు కలిసి మళ్ళీ పరిశీలించి 2025లో మలేరిరాప్టర్ కుట్టీ అని ప్రకటించారు. వయసు సుమారు 22 కోట్ల ఏళ్ళు. డైనోసార్‌ను తుంటి బట్టి గుర్తుపడతారు. చాలా సరీసృపాలకు తొడ తలకాయ కూర్చునే గిన్నె అడుగున ఎముక మూసుకుని ఉంటుంది, డైనోసార్లకు అక్కడ పూర్తిగానో కొంతగానో చిల్లు ఉంటుంది. దీని పోలికలున్న హెర్రెరాసార్లు అనే వేటజంతువులు దక్షిణ, ఉత్తర అమెరికాల్లో బాగా తెలుసు. మలేరి కింది పొరల్లో విరివిగా దొరికే రింకోసార్లు అనే ముక్కు వంకర శాకాహారులు అంతరించిన తర్వాత కూడా ఈ వేటగాళ్ళు దక్షిణ ఖండాల్లో బతికే ఉన్నారని ఈ కొన్ని ఎముకలే చెప్పాయి.

సొరుగు కథలు ఒకటి కావు. కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో సునీల్ బాజ్‌పాయ్‌కి 2005లో వెన్నుపూసలు దొరికాయి. మొసలివని అనుకుని పక్కన పెట్టారు. తర్వాత దేబజిత్ దత్తా, బాజ్‌పాయ్ కలిసి పరిశీలిస్తే పాము వెన్నుపూసలని తేలింది. 2024లో వాసుకీ ఇండికస్ అని ప్రకటించారు. మొత్తం 27 పూసలు. పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని అంచనా.

బీరువా నుంచి కొత్త జాతి పుట్టినట్టే, ఉన్న జాతికి ఎసరు కూడా వస్తుంది. 1987లో శంకర్ చటర్జీ మలేరి రాళ్ళ చిన్న డైనోసార్‌కు వాకేరియా అని పేరు పెట్టారు. అంతకుముందే ఒక నీటి ప్రాణికి ఆ పేరు ఉందని తెలిసి 1994లో ఆల్వాకేరియా అని మార్చారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ ఎముకలన్నీ ఒకే జంతువువి కావని, రెండు మూడు జీవులవి కలిసిపోయాయని అన్నారు. నేను దీన్ని లోపంగా చూడను. ఎముకలు భద్రంగా ఉన్నాయి కాబట్టే తప్పు పట్టగలిగారు. మనకు బాగా పేరు తెచ్చిన టైటనోసారస్ 1877లో లిడెకర్ పెట్టిన పేరు. దాని తోక పూస పోయిందనుకున్నారు, 2012లో భారత భూగర్భ సర్వేక్షణ కోల్‌కతా నిల్వలోనే మళ్ళీ కనిపించింది. పోగొట్టుకున్న చోటే దొరకడం మన దగ్గర పెద్ద వింత కాదనుకోండి.

పెద్ద ఎముకల గురించే మాట్లాడితే అన్యాయం. కోట రాళ్ళలో పైకసిగూడెం దగ్గర బంకమట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద గింజ గింజ వెతికితే పిసరంత పళ్ళు బయటపడ్డాయి. ఎలుకంత లేని పాలిచ్చే జంతువుల పళ్ళు. వాటిలో ఒకదానికి జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీద కోటథీరియం హాల్డేనీ అని పెట్టారు. సర్వేక్షణ హైదరాబాద్ శాఖలో పనిచేసిన పి. యాదగిరి ఇలాంటి పళ్ళ మీద చాలా పనిచేశారు. ఆయనే 1988లో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ను వర్ణించారు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట ఉన్నా ఒక్క పుర్రె దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. ఆ జాతి జంతువుల తలకాయ సన్నని ఎముకల కూర్పు, మెడనుంచి తొందరగా ఊడిపోతుంది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. మా వాళ్ళు హైదరాబాద్ పోతే చార్మినార్, సాలార్‌జంగ్ చూసి వస్తారు. మన తెలుగు ఊరి పేరున్న డైనోసార్‌ను కూడా చూసి రావాలి.

ఇంత చేసి ఏం లాభం అని అడిగేవాళ్ళకు ఒక్క జవాబు చాలు. మలేరి రాళ్ళ రింకోసార్లకు దగ్గరి బంధువులు బ్రెజిల్‌లో, స్కాట్లాండ్‌లో, టాంజానియాలో దొరికాయి. సముద్రాలు ఈదలేని జంతువు అన్ని చోట్లా ఉందంటే ఆ నేలలు ఒకప్పుడు కలిసే ఉండాలి. మలేరి రాళ్ళ వయసు నిర్ణయించడానికి కూడా ఈ పోలికే ఆధారం.

కడప, నంద్యాల, ఆదిలాబాద్ వైపు సున్నపు గనుల్లో, రోడ్డు పనుల్లో, చెరువు పూడికల్లో మన తెలుగువాళ్ళు వేలమంది పనిచేస్తున్నారు. ఎముకలా కనిపించే రాయి తగిలితే ఊడబెరకకండి, కడగకండి, జిగురు పెట్టి అతికించకండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టండి, మళ్ళీ మట్టి కప్పి వదిలేయండి. హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ ఆఫీసుకో, దగ్గర్లోని విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగానికో కబురు చేయండి. ఇంటికి తీసుకుపోయి షోకేసులో పెట్టుకుంటే అది ఏ పొరలోదో ఎవరూ చెప్పలేరు.